కడిగిన గ్లాసులో నీచు వాసన ఎందుకొస్తోంది?

ప్రశ్న: వంటగది విషయంలో నేను బద్ధకిస్తానని ఎవరూ అనలేరు. రోజుకి రెండుసార్లు గట్టు తుడుస్తాను. ఆదివారం వస్తే సగం రోజు అక్కడే గడిచిపోతుంది. అయినా పొద్దున్నే తలుపు తీయగానే గుప్పున ఒక వాసన కొడుతుంది. మధ్యాహ్నానికి తగ్గిపోతుంది, మర్నాడు మళ్ళీ మామూలే. కడిగి బోర్లించిన గ్లాసులో నీళ్ళు తాగబోతే నీచు వాసన. ఈమధ్య పదిహేను రోజులు ఊరెళ్ళి వచ్చాం. వంటే లేదు కాబట్టి పోయి ఉంటుందనుకుంటే, ఇంకా పెరిగింది. వంటసోడా, వెనిగర్ కలిపి సింకులో పోస్తున్నాను. రూమ్ ఫ్రెషనర్ కొడితే రెండు వాసనలూ కలిసి తల తిరుగుతోంది. మా వదిన వచ్చి "ఏదో వాసనొస్తోందే" అంటే తల కొట్టేసినట్టయింది. మా ఆయనేమో ఏ వాసనా లేదు, అంతా నీ చాదస్తం అంటారు. వంటగది అల్మారాలన్నీ పీకించి కొత్తవి పెట్టిద్దామా అని ఆలోచిస్తున్నాం. ఏం చేయమంటారు?
(పేరు వద్దన్న ఒక పాఠకురాలు)

జవాబు: ముందు మీ ఇంట్లో తగువు తీరుద్దాం. మీ వదిన అన్నది నిజమే, మీ ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. ఒకే వాసనలో కొన్ని నిమిషాలు ఉంటే చాలు, ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. కొత్త వాసన వస్తే పట్టుకోవాలి కదా, పాతదాన్ని మోస్తూ కూర్చోదు. అందుకే ఇంట్లోవాళ్ళకి తెలియనిది గుమ్మంలో అడుగుపెట్టిన చుట్టానికి తెలిసిపోతుంది. ఈసారి మీ ఆయన్ని ఓ అరగంట బయట తిప్పి తీసుకొచ్చి నేరుగా వంటగదిలో నిలబెట్టండి, అప్పుడు అడగండి. మీరూ అలాగే చేయాలి. వాసన ఏ మూల నుంచి వస్తోందో వెతకడానికి లోపలికొచ్చిన ఆ మొదటి రెండు నిమిషాలే పనికొస్తాయి. తర్వాత ముక్కు మొద్దుబారిపోతుంది.

ఇంకో మాట. ఇందులో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీరు కడగాల్సినంత కడుగుతున్నారు, బహుశా ఎక్కువే కడుగుతున్నారు. ఆరనివ్వడం మాత్రం లేదు. ఉత్తరం చదువుతుంటే నాకు అడుగడుగునా అదే కనిపించింది. కాస్త తిండి, కాస్త తడి, కాస్త సమయం. ఈ మూడూ ఒకచోట దొరికితే చాలు, సూక్ష్మజీవులకి పండగే. వాటికి అనువైన వెచ్చదనం ఉంటే కొన్ని రకాలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. వంటగదిలో తిండి లేకుండా చేయలేం, రాత్రిని ఆపలేం. మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే. పొద్దున్న ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ అన్నారు చూడండి, విషయం అక్కడే బయటపడింది. కిటికీలు మూసిన గదిలో రాత్రంతా ఏదో తడిగా ఉండి ఊరుతోంది. మీరు పొద్దున్నే అన్నీ తెరిచి తిరుగుతుంటే ఆ గాలి బయటికి పోతోంది, రాత్రికి మళ్ళీ తయారవుతోంది.

ఇక గ్లాసు సంగతి. గాజైనా, స్టీలైనా వాసనని పీల్చుకోవు. కాబట్టి ఆ నీచు ఎక్కడి నుంచో అంటుకుని వచ్చిందే. తోమిన పీచు, తుడిచిన గుడ్డ, బోర్లించిన చోటు, ఈ మూడింటిలో ఏదో ఒకటి. ఏదో తేల్చడానికి ఈ రాత్రే ఒక చిన్న పరీక్ష పెట్టండి. రెండు గ్లాసులు తీసుకోండి. ఒకదాన్ని రోజూ ఎలా చేస్తారో అలాగే తోమి, తుడిచి, బోర్లించండి. రెండోదాన్ని పీచు తగలకుండా వేళ్ళతోనే సబ్బు రాసి, ధారగా పడే నీళ్ళలో కడిగి, గుడ్డ తగలనివ్వకుండా, లోపలికి గాలి ఆడేలా పక్కకి వాల్చి వదిలేయండి. పొద్దున్నే రెండిట్లోనూ ముక్కు పెట్టి చూడండి. రెండోది శుభ్రంగా ఉంటే, మీ సబ్బులో దోషం లేదు, నీళ్ళలో దోషం లేదు. పీచునీ, గుడ్డనీ, బోర్లించిన చోటునీ పట్టుకోవాలి.

2017లో జర్మనీలో కొందరు పరిశోధకులు ఇళ్ళల్లో వాడేసిన 14 వంటింటి స్పాంజ్‌లు తీసుకుని చూస్తే వాటిలో 362 రకాల బ్యాక్టీరియా కనిపించాయి. అన్నీ జబ్బు చేసేవి కావు, కంగారు పడకండి. అయితే వాటిలో బాగా ఎక్కువగా ఉన్నవాటిలో ఒకటి మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్. ఉతికిన బట్టలు సరిగ్గా ఆరకపోతే ఒక ముక్కిపోయిన వాసన వస్తుందే, ఆ వాసన దీని పనే. ఇంకో విశేషం కూడా తేలింది. "మేం స్పాంజ్‌ని క్రమం తప్పకుండా శుభ్రం చేస్తాం" అన్నవాళ్ళ స్పాంజ్‌లు మిగతావాటికంటే మెరుగ్గా ఏమీ లేవు. దాన్ని కాపాడుకుంటూ రావడం కంటే వారానికొకటి మార్చేయడం మేలన్నది వాళ్ళ సలహా. చిరిగేదాకా ఆగకండి. నా మటుకు నేను స్పాంజ్ మానేసి, నీళ్ళు పట్టని ప్లాస్టిక్ బ్రష్షుకి మారిపోయాను. ఒకసారి దులిపితే చాలు, గంటలో ఆరిపోతుంది. మీరు స్పాంజ్‌తోనే ఉంటానంటే సబ్బు గిన్నెలో నానబెట్టి వదిలేయకండి. గట్టిగా పిండి, నిలబెట్టి ఆరబెట్టండి.

తోమే వరస కూడా ముఖ్యమే. ముందు గ్లాసులు, తర్వాత కంచాలు, చివర జిడ్డు గిన్నెలు. చేప, గుడ్డు, మాంసం వండిన గిన్నెలకి పీచు వేరే పెట్టుకోండి. గుడ్డు అంటిన గిన్నె మీద మొదటే వేడినీళ్ళు పోయకూడదు, ఉడికి ఇంకా అతుక్కుంటుంది. చన్నీళ్ళతో ఒకసారి జాడించాక వేడినీళ్ళు, సబ్బు. చేప నీచుకి కారణమైన ట్రైమిథైలమీన్ క్షార గుణం ఉన్న పదార్థం. దాని మీద పులుపు పడితే గాల్లోకి లేవలేని లవణంగా మారిపోతుంది. నిమ్మచెక్క రుద్దడం వెనకున్న సంగతి ఇదే. అంటే నిమ్మకాయ అన్ని వాసనలకీ మందు కాదు, నీచుకి మాత్రం మంచి మందు. చేతులకీ, కూరగాయలు కోసే చెక్కకీ కూడా అంతే. ఆ చెక్క మీద కత్తి గాట్లలో వేలి గోరు దిగేంత లోతు ఉంటే మాత్రం దాన్ని ఇంక మార్చేయండి.

ఇక ఆ గుడ్డ. మీ కుళాయి మెడకి ఒకటి చుట్టి ఉంటుంది, అవునా? దాన్ని ఒకసారి విప్పి మడత లోపలి భాగం వాసన చూడండి. గట్టు తుడిచేది అదే, చేతులు తుడుచుకునేది అదే, చివరికి గ్లాసు తుడిచేదీ అదే. పైపైన తుడిస్తే గట్టు మెరుస్తుంది, నిజమే. ఆ మెరుపుతో పాటు నిన్నటి పాల చుక్కని గట్టంతా పలచగా పూస్తున్నాం. పైన పటారం, లోన లొటారం అంటారే, అలా. నేనైతే చిన్న చిన్న నూలు గుడ్డలు ఓ పది పెట్టుకున్నాను. రోజుకొకటి, సాయంత్రానికి బుట్టలోకి. వారానికోసారి అన్నీ కలిపి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేస్తాను. గిన్నెలు దించే మసిగుడ్డ వేరు, చేతులు తుడుచుకునేది వేరు. గ్లాసులు అసలు తుడవను, వాటంతటవే ఆరాల్సిందే. బోర్లించే చోట మెత్తటి గుడ్డో చాపో పరిచి ఉంటే తీసేయండి. కింద నుంచి గాలి ఆడే కడ్డీల స్టాండు మీద బోర్లించండి. తడి గుడ్డ మీద బోర్లించిన గ్లాసు మూతపెట్టిన డబ్బాతో సమానం, లోపలి తడికి బయటికి దారి ఉండదు.

ఊరెళ్ళి వచ్చాక వాసన పెరిగిందన్నారు కదా, అది వేరే కథ. దానికీ మీ వంటకీ సంబంధమే లేదు. సింకు కింద గొట్టం ఒకచోట వంపు తిరిగి ఉంటుంది చూడండి. ఆ వంపులో ఎప్పుడూ కాస్త నీళ్ళు నిలిచి ఉంటాయి, ఉండాలి కూడా. ఆ నీళ్ళే మురుగు గాలికి అడ్డుగోడ. కొంతకాలం వాడకపోతే ఆ నీళ్ళు ఆవిరైపోతాయి, గోడ పోయినట్టే. సింకు వంపు కాస్త లోతుగా ఉంటుంది కాబట్టి ఆరడానికి ఎక్కువ రోజులే పట్టవచ్చు. నాకు ఎక్కువ అనుమానం నేల జాలీ మీద. వంటగదిలో గానీ, పక్కన అంట్లు తోముకునే చోట గానీ నేలలో ఒక జాలీ ఉండి, దాన్లో నీళ్ళు పోసే అలవాటు లేకపోతే వెంటనే వెళ్ళి ఒక చెంబు నీళ్ళు పోయండి. ఆ జాలీ కారణమైతే కొన్ని గంటల్లోనే తేడా తెలుస్తుంది. ఇకమీదట వారానికోసారి పోయండి. ఊరెళ్ళేటప్పుడు నీళ్ళు పోసి, పైన ఒక చెంచా వంటనూనె వేయండి. నీళ్ళ మీద తేలి ఆవిరవకుండా ఆపుతుంది.

నీళ్ళు పోసినా మురుగు వాసన ఆగకపోతే సింకు కింద తలుపు తీసి, టార్చి వేసి చూడండి. చాలా ఇళ్ళలో ముడతలు ముడతలుగా వంగే ప్లాస్టిక్ గొట్టాన్ని గోడలోని కన్నంలోకి ఊరికే దూర్చేసి వెళ్ళిపోతారు. వంపు ఉండదు, లేదా కన్నానికీ గొట్టానికీ మధ్య వేలు పట్టేంత సందు ఉంటుంది. మురుగు గాలి ఆ సందులోంచే వస్తుంది. మీరెంత కడిగినా, ఎన్ని పోసినా ఆ గాలి ఆగదు, సందు మూయించాల్సిందే. మీరు మరో చోట నీళ్ళు వదిలినప్పుడు ఈ సింకులో గుడగుడమని శబ్దం వస్తుంటే మాత్రం మురుగు లైనులో గాలి ఆడటం లేదని అర్థం. ప్లంబర్‌కి ఆ శబ్దం సంగతి తప్పకుండా చెప్పండి, వెతుకులాట తగ్గుతుంది.

వంపుకి పైన, సింకు నోటికి కింద ఉన్న ఆ జానెడు గొట్టం కూడా ఒక గని. సింకు కన్నం మీది జాలీ తీసి తిరగేసి చూడండి. పైన తళతళలాడుతుంది. కింద బూడిదరంగులో జిగురుజిగురుగా, వేలితో తాకితే జారిపోయేలా ఒక పొర ఉంటుంది. అలాంటిదే గొట్టం లోపలి గోడలకీ ఉంటుంది. జిడ్డు, మెతుకులు, సబ్బు కలిసి, వాటి మధ్య బ్యాక్టీరియా కట్టుకున్న ఇల్లది. కుళ్ళిన గుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అక్కడ కూడా పుడుతుంది. ఆ పొర పోవాలంటే రుద్దాలి. సీసాలు కడిగే పొడుగాటి బ్రష్షు, గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్ళు చాలు. సలసల కాగే నీళ్ళు మాత్రం పోయకండి, ప్లాస్టిక్ గొట్టాలు మెత్తబడి అతుకులు వదిలేస్తాయి. చెయ్యి పెట్టగలిగేదానికంటే కాస్త ఎక్కువ వేడి సరిపోతుంది. మీ సింకుకి పై అంచు దగ్గర పక్కగా చిన్న కన్నమో, సన్నని చీలికో ఉందా? నీళ్ళు నిండిపోకుండా పెట్టిన దారి అది. దాన్ని కడిగేవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు, నాతో సహా. ఒకసారి పాత టూత్‌బ్రష్షు దూర్చి చూశాను. ఏం వచ్చిందో రాయను, మీరు భోజనం చేస్తూ చదువుతుండవచ్చు.

వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తున్నానన్నారు. బుస్సుమని పొంగుతుంటే ఏదో జరిగిపోతోందనిపిస్తుంది, నేనూ చాలాకాలం మురిసిపోయాను. నిజానికి ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మిగిలేది కాస్త ఉప్పులాంటి పదార్థం కలిసిన నీళ్ళు, ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. పొంగు వల్ల వదులుగా ఉన్న చెత్త కాస్త కదిలితే కదలవచ్చు, అంతకుమించి లేదు. విడివిడిగా వాడితే రెండూ మంచివే. సోడా పొడిగా చల్లి రుద్దడానికి, వెనిగర్ నీళ్ళ మరకలకి, నీచుకి. ఇవి కలిపితే నష్టం లేదు, దండగ అంతే. బ్లీచింగ్ మాత్రం దేనితోనూ కలపకండి. వెనిగర్‌తో గానీ, యాసిడ్ ఉన్న బాత్రూమ్ క్లీనర్లతో గానీ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కలిస్తే క్లోరమీన్ గ్యాస్. రెండూ ఊపిరితిత్తులని దెబ్బతీసేవే. ఇది పోసిన కాసేపటికి అదే సింకులో అది పోయడం కూడా కలపడమే.

రూమ్ ఫ్రెషనర్ గురించి రెండు ముక్కలు. మానేయండి. వాసన తగ్గదు సరికదా, ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాల్సిన ముక్కుని కూడా పాడు చేస్తుంది.

వాసనని వెతకడం అంటే నాకో సంఘటన గుర్తుకొస్తుంది. ఒకసారి మా వంటగదిలో భరించలేని కంపు. ఎలుక చచ్చిందని తేల్చేసి ఫ్రిజ్ జరిపాను, స్టవ్ కింద చూశాను, అల్మారాలు ఖాళీ చేశాను, మూడు రోజులు పట్టింది. చివరికి చూస్తే రోజూ చెయ్యి పెట్టి తీసే బంగాళాదుంపల బుట్టలోనే, అట్టడుగున, ఒకే ఒక్క దుంప. పైనుంచి గుండ్రంగా బాగానే ఉంది. ఎత్తబోతే వేలు లోపలికి దిగిపోయింది, బుట్ట అల్లిక సందుల్లోంచి గోధుమరంగు నీరు కారి అరలో ఎండిపోయింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. అప్పటినుంచీ దుంపలూ ఉల్లిపాయలూ కొత్తవి పోసేముందు పాతవి బుట్టలోంచి పూర్తిగా కిందికి దిమ్మరించాకే పోస్తున్నాను. వాసనొస్తే దూరంగా ఉన్నవాటికంటే ముందు రోజూ చెయ్యి పెట్టేవాటినే చూస్తున్నాను. మీరూ అదే వరసలో వెళ్ళండి. దుంపల బుట్ట, చెత్తబుట్ట అడుగు, మిక్సీ జార్ కింది భాగం, కుక్కర్ మూత రబ్బరు. కుక్కర్ రబ్బరు ఊడదీసి కడిగి, మూతకి బిగించకుండా పక్కన వేలాడదీస్తే ఆరుతుంది. మిక్సీ జార్ అడుగున బ్లేడు బిగించిన చోట ఒక రబ్బరు వాషరుంటుంది. దానికిందే అసలు కథంతా.

చెత్తబుట్ట గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. సంచి మార్చినంత తేలిగ్గా బుట్ట అడుగుని చూడం, అంతే. సంచికి చిన్న చిల్లు పడి కారిన రసం అడుగున నిలబడి ఉంటుంది. అడుగున పాత కాగితం నాలుగు మడతలు పెట్టండి. తడి చెత్తని సింకు దగ్గరే పిండి వేయండి. చిన్న ఈగలు ముసురుతుంటే రోజులు లెక్కపెట్టుకోండి. వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి ఎగిరే ఈగ కావడానికి వాటికి పది రోజులు చాలు. కాబట్టి ఒక్క వారం శుభ్రం చేసి "అయినా పోలేదు" అనుకోకండి, రెండు వారాలు పట్టుబట్టాలి.

ఫ్రిజ్ విషయం మీరు రాయలేదు కానీ, చూడమనే అంటాను. లోపల 4 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉండాలి. కూరగాయల పెట్టె మొత్తం బయటికి లాగితే వెనక గోడ కింద చిన్న కన్నం కనబడుతుంది. లోపలి తేమ నీరుగా మారి దానిగుండా వెనక ఉన్న పళ్ళెంలోకి దిగుతుంది. ఆ కన్నంలో ఒక ఆకు ముక్క ఇరుక్కున్నా నీళ్ళు లోపలే నిలబడి పాచి పడతాయి. తలుపు రబ్బరు మడతలు టూత్‌బ్రష్షుతో రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. మూత తీసిన వంటసోడా డబ్బా మూలన పెట్టే అలవాటుంటే, ఆ డబ్బా వల్ల ఒరిగేది తక్కువ. గాలి తగిలేది పైపొర ఒక్కటే కదా. వెడల్పు పళ్ళెంలో పలచగా పరిస్తే కాస్త నయం. అంతకంటే యాక్టివేటెడ్ బొగ్గు, అంటే వాసనలని పట్టుకునేలా ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు మేలు. ఉల్లి, వెల్లుల్లి వాసన పట్టిన ప్లాస్టిక్ డబ్బాలతో కుస్తీ పట్టొద్దు. ఆ వాసన ప్లాస్టిక్ లోపలికే ఇంకిపోతుంది. ఎండలో నాలుగు రోజులు పెట్టినా పోకపోతే వాటిని మేకులూ స్క్రూలూ వేసుకోవడానికి ఇచ్చేసి, గాజువి వాడుకోండి.

వర్షపు రోజుల్లో, గాలాడనప్పుడు పాత నూనె వాసన వస్తుంటే ఒక స్టూలెక్కి అల్మారాల పైభాగం మీద వేలు గీయండి. వేయించిన ప్రతిసారీ నూనె ఆవిరి పైకి లేచి అక్కడే దిగుతుంది. గాలితో కలిసి పాతబడి, చిక్కబడి, దుమ్ము పట్టి బంకలా తయారవుతుంది. ఉత్త నీళ్ళకి అది లొంగదు. వేడినీళ్ళలో గిన్నెల సబ్బు, కాస్త బట్టల సోడా కలిపి తడిపిన గుడ్డ పరిచి పది నిమిషాలు వదిలేస్తే దానంతటదే మెత్తబడుతుంది. చేతులకి గ్లవుజులు వేసుకోండి. చిమ్నీ జల్లెడ అల్యూమినియంది అయితే మాత్రం సోడా వద్దు, నల్లబడిపోతుంది. దానికి వేడినీళ్ళు, సబ్బే. శుభ్రం చేశాక పైన పాత కాగితాలు పరిచేయండి. మూడు నెలలకోసారి కాగితం మార్చేస్తే మళ్ళీ స్టూలెక్కి రుద్దే పని ఉండదు. ఎగ్జాస్ట్ ఫ్యాను స్టవ్ వెలిగించకముందే వేసి, వంటయ్యాక ఇంకో పది, పదిహేను నిమిషాలు తిరగనివ్వండి. దానికి ఎదురుగా ఎక్కడో ఒక కిటికీయో తలుపో తెరిచి ఉండాలి, లేకపోతే లాగడానికి గాలేదీ? బయటికి గొట్టం లేని చిమ్నీ అయితే వాసనని పట్టేది లోపలి బొగ్గు ఫిల్టరే. అది కడిగితే పనిచేసే రకం కాకపోతే మార్చాల్సిందే.

అన్ని వాసనలనీ ఇలా తీరిగ్గా వెతకకూడదు. ఏదీ వండకపోయినా చేపలాంటి వాసన, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంటే ప్లగ్గులు, స్విచ్‌బోర్డులు చూడాలి. వేడెక్కిన వైర్లు, ప్లగ్గుల ప్లాస్టిక్ ఒక్కోసారి అచ్చం చేప వాసనే వేస్తాయి. మెయిన్ కట్టేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వంటగ్యాస్‌కి సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అనే ఘాటు పదార్థం కలుపుతారు. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేలమట్టంలో పేరుకుంటుంది. ఆ వాసనొస్తే ఏ స్విచ్చూ వేయకండి, ఆర్పకండి, ఫ్యాను కూడా. సిలిండర్ కట్టేసి, తలుపులన్నీ తెరిచి, అందరూ బయటికి వచ్చాక గ్యాస్ వాళ్ళకి ఫోన్ చేయండి.

ఇక మీ ఆదివారాల విషయం. సగం రోజు వంటగదిలో గడపడం మానేయండి. దాని బదులు రాత్రి పది నిమిషాలు చాలు. నేను చేసేది చెబుతాను. అంట్లు పొద్దుటికి మిగల్చను. ఓపిక లేని రోజున కనీసం మెతుకులు విదిలించి, నీళ్ళతో జాడించి, నీళ్ళు నిలబడకుండా బోర్లించి పెడతాను, నానబెట్టి మాత్రం వదలను. జాలీలో చెత్త తీసేస్తాను. సింకులో చివరి నీళ్ళు పోయాక పొడి గుడ్డతో సింకు లోపలంతా తుడుస్తాను, కుళాయి మొదలుతో సహా. ఇది చూసి మా ఇంట్లో మొదట్లో నవ్వారు, సింకుని ఎవరైనా తుడుస్తారా అని. తుడిచిన గుడ్డ అక్కడ ఉంచకుండా ఉతికే బుట్టలో వేసేస్తాను. కిటికీ ఒక రెక్క దోమతెర మీద తెరిచే ఉంటుంది. వీలుకాని చోట వంటగది తలుపైనా తెరిచి పడుకోండి. చుట్టాలకి వాసన తెలియకూడదని మూసే తలుపే మీ వాసనని కాపాడుతోంది.

చివరికి అల్మారాలు. అన్నీ పీకించకండి, ముందు సింకు కింది దాన్ని ఖాళీ చేయండి. డబ్బాలు, సంచులు, దాచిపెట్టిన సీసాలు అన్నీ తీసి, అడుగు చెక్క మీద బొటనవేలితో అక్కడక్కడా గట్టిగా నొక్కుతూ రండి, ముఖ్యంగా వెనక మూలల్లో, గొట్టం కిందుగా. గట్టిగా ఉంటే మీ అల్మారాలకి ఏమీ కాలేదు. ఎక్కడైనా మెత్తగా దిగినా, ఉబ్బినట్టున్నా, నల్లటి చుక్కలు కనిపించినా పైన గొట్టం అతుకు చుక్కచుక్కగా కారుతోందన్నమాట. అతుకు చుట్టూ పొడి కాగితం చుట్టి రాత్రంతా ఉంచితే పొద్దున్నే తడి ఎక్కడుందో కనబడుతుంది. ముందు ఆ అతుకు బిగించి, తలుపు తెరిచి నాలుగు రోజులు ఆరనిచ్చి, ఆ ఒక్క అడుగు చెక్క మార్పించండి. మిగతావాటి జోలికి వెళ్ళే ముందు రెండు గ్లాసుల పరీక్షలో ఏం తేలిందో, నేల జాలీలో నీళ్ళు పోశాక ఏమైందో నాకు రాయండి.